వంతెనకు గాజు నాడి

పులిగడ్డ–పెనుమూడి వారధి ఎక్కితే కింద కృష్ణమ్మ, ఒంటికి ఉప్పుగాలి. కాంక్రీటు లోపలి ఇనుముకు ఆ గాలే పగ. తుప్పు మరక బయటపడేసరికి లోపల జరగాల్సింది చాలావరకు జరిగిపోతుంది.

వెంట్రుకంత గాజుపోగు ఆ నష్టాన్ని ముందే పసిగట్టగలదు. పోగులో ఏర్పరిచే బ్రాగ్ గ్రేటింగ్ ఒకే తరంగదైర్ఘ్యపు కాంతిని వెనక్కి పంపుతుంది. పోగు సాగితే ఆ తరంగదైర్ఘ్యం పిసరంత జరుగుతుంది. మీటరుకు మైక్రాను సాగినా చాలు. వేడికీ జరుగుతుంది కనుక రోహిణీకార్తె ఎండల ప్రభావం తీసేయడానికి పక్కన మరో పోగుండాలి. గాజుకు తుప్పు పట్టదు, ఉరుముల మెరుపుల అలజడి అంటదు. ఈ వారధి ఉన్న ఉప్పుగాలి దివిసీమకు అతికినట్టు సరిపోయే సాధనం! కెనడాలోని కాల్గరీలో 1993లోనే ఒక వంతెనకు అమర్చారు.

2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. కంటికి కనిపించిన దెబ్బ గనుక వెంటనే మరమ్మతు చేశారు. కనిపించని దెబ్బ మాటేమిటి?

మచిలీపట్నం, గుడివాడ వైపు కొత్తగా కట్టే వంతెనలకు కాంక్రీటు పోసేటప్పుడే ఈ పోగులు వేయాలి. పాతవాటికి పైన అతికించొచ్చు. అయితే రీడింగులు చూసే ఇంజినీరు పోస్టు ఖాళీగా ఉంటే మాత్రం, ఈ సాధనం గోడకు వేలాడే ఆగిన గడియారమే. టెండరులోనే పదేళ్ల పరిశీలన ఖర్చు కూడా రాయాలి.