ఆర్మూరు పసుపు, అమెరికా పసుపు

ఆన్‌సైట్ నుంచి ఇంటికొచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో ఒకప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన మాత్రల డబ్బాలు కూడా చేరాయి. అమ్మ మోకాళ్ళకి పసుపు క్యాప్సూల్స్, నాన్న గుండెకి చేపనూనె, మిగిలినవాళ్ళకి ఇంకేవో. నాకు తెలిసిన ఒకాయనది ఆర్మూరు దగ్గర పల్లె. తండ్రి పసుపు రైతు. కొడుకు డాలర్లు పోసి పసుపు క్యాప్సూల్స్ కొని అదే ఊరికి మోసుకెళ్ళాడు :-) జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో మీ నిజామాబాదులోనే పెట్టారు కదయ్యా అంటే, "అది కూరలో వేసేది, ఇది మందు" అన్నాడు.

అసలు తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. మందైతే మందుకి పెట్టే పరీక్షలన్నీ దీనికీ పెట్టాలి. తిండైతే తిండిలా తినాలి. ఈ రెండిటి మధ్య సందులో పుట్టిందే న్యూట్రాస్యూటికల్. 1989లో స్టీఫెన్ డిఫెలీస్ అనే వైద్యుడు న్యూట్రిషన్‌నీ ఫార్మాస్యూటికల్‌నీ అతికించి చేసిన మాట అది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మేవాడు అది పనిచేస్తుందని ముందుగా ఎఫ్‌డీఏకి రుజువు చూపించి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే క్యూఏ చూడకుండానే ప్రొడక్షన్‌కి వెళ్ళిపోవచ్చు. కాకపోతే ఆరోగ్యం గురించి గొప్పలు రాసుకుంటే, ఏ జబ్బునీ నయం చేయడానికి ఉద్దేశించింది కాదని సీసా మీదే చిన్న అక్షరాల్లో రాయాలి. "ఇది మందు" అన్న పెద్దమనిషి ఆ ముక్క చదివుండడు.

మరి కర్కుమిన్ మీద వేలకొద్దీ పరిశోధనలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది వేరు. కర్కుమిన్ దానంతటదే వెలుగునిస్తుంది, దొరికిన ప్రోటీనుకల్లా అంటుకుంటుంది, త్వరగా విరిగిపోతుంది. దాంతో ల్యాబులో చేసే చాలా పరీక్షలు తికమకపడి "పనిచేస్తోంది" అనేస్తాయి. టెస్ట్ ఫ్రేమ్‌వర్కే పాడైతే అన్నీ పచ్చగా కనిపించడం మనకి కొత్తేమీ కాదు. అప్పటిదాకా మనుషుల మీద జరిగిన డబుల్ బ్లైండ్ ట్రయల్స్‌లో ఒక్కటీ నెగ్గలేదని ఆ సమీక్ష తేల్చింది. మోకాళ్ళ నొప్పికి కాస్త ఉపశమనం చూపించిన చిన్న ట్రయల్స్ ఉన్నమాట నిజమే. అవి చిన్నవన్నమాట కూడా నిజమే.

ఇంకో చిక్కు: కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగుళూరు శాస్త్రవేత్తలు 2 గ్రాముల కర్కుమిన్‌తోపాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లో ఉండే ఘాటు పదార్థం, ఇచ్చి చూస్తే మనుషుల్లో అది 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. అప్పట్నుంచీ చాలా క్యాప్సూల్స్‌లో మిరియం సారం కలుపుతున్నారు. అయితే పైపరిన్ చేసేది, బయటి పదార్థాల్ని విరిచి పంపేసే కాలేయపు, పేగుల ఎంజైములని కట్టడి చేయడం. ఆ కట్టడి పసుపుకి మాత్రమే పరిమితం కాదు. ఫెనిటోయిన్, ప్రొప్రానొలాల్ లాంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి. ఒక్క యూజర్ కోసం ఫైర్‌వాల్ తీసేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మోతాదు లెక్క కూడా చూడండి. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. 95 శాతం సారమున్న 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అంటే దాదాపు 15 గ్రాముల పసుపు, ఐదు చెంచాలు! పప్పులో ఎవరూ అంత వెయ్యరు. వంటింటి పసుపు వేల ఏళ్ళుగా హాని చెయ్యలేదన్న ధైర్యం ఈ సీసాకి వర్తించదు. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని నమోదు చేసే బృందం పసుపు సప్లిమెంట్ల కేసులు పది బయటపెట్టింది. ఐదుగురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. కోట్లమంది వాడకంలో పది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మన అమ్మానాన్నలు అరవై దాటినవాళ్ళు, బీపీకి, షుగరుకి, రక్తం పలచబడటానికి ముందే గుప్పెడు మాత్రలు మింగుతున్నవాళ్ళు.

అలాగని ఈ కోవలో అన్నీ బూటకం అనను. ఓట్లు, ఇసబ్‌గోల్ చెడు కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తాయని మనుషుల మీదే రుజువైంది. గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చని ప్యాకెట్ మీద రాసుకోవడానికి ఎఫ్‌డీఏ ఓట్లకి 1997లో, ఇసబ్‌గోల్‌కి 1998లో ఒప్పుకుంది. ఇసబ్‌గోల్ మన ఊరి మందుల షాపులోనే దొరుకుతుంది, సూట్‌కేసు బరువు కూడా పెరగదు.

ఇంత చెప్పినా తెస్తామంటే మీ ఇష్టం. ఆ సీసా మాత్రం ముందు వాళ్ళ డాక్టరుగారి బల్ల మీద పెట్టించండి. "మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు" అని పక్కింటివాళ్ళకి చెప్పే అమ్మ, అదే మాట డాక్టరుకి చెప్పదు. "మందులేమైనా వాడుతున్నారా" అని ఆయన అడిగితే, పసుపు ఆవిడ లెక్కలో మందు కాదు మరి.