తివాచీ ఎవరిది? ఆర్మేనియా గ్యాలరీల ముందున్న ప్రశ్న

2020 యుద్ధంలో షుషీ పట్టణం అజర్‌బైజాన్ చేతికి చిక్కే ముందు, అక్కడి తివాచీల మ్యూజియం నుంచి పాత తివాచీలను హడావుడిగా యెరెవాన్‌కు తరలించారు. 2021లో వాటిని ప్రదర్శనకు పెట్టగానే బాకూ అభ్యంతరం చెప్పింది. అవి తమ వారసత్వమని, దొంగిలించి తీసుకెళ్లారని ఆరోపించింది.

స్థానిక వారసత్వంలోంచి పుట్టిన సమకాలీన కళను, డిజైన్‌ను ఎంచి చూపించే ఆర్మేనియా క్యూరేటర్ల పని ఎంత సున్నితమో ఈ వివాదం చెబుతోంది. తివాచీ పక్కన అతికించే చిన్న చీటీలో ఏ ఊరి పేరు రాయాలన్నదీ అక్కడ రాజకీయమే. ఆర్మేనియా శిలువ రాళ్లు 'ఖచ్‌కార్లు', అజర్‌బైజాన్ తివాచీ నేత 2010లోనే యునెస్కో జాబితాకెక్కాయి. కానీ అప్పటికే నఖ్‌చివాన్‌లోని జుల్ఫా శ్మశానంలో వేలాది ఖచ్‌కార్లు నేలమట్టమయ్యాయి. 2023 సెప్టెంబరులో నగోర్నో-కరబాఖ్ నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు వలస వచ్చేశారు. వారితో పనితనం వచ్చింది, ఊరు రాలేదు.

ఇలాంటప్పుడు సులువైన దారి ఒకటుంది. ఖచ్‌కార్ నగిషీని కప్పుల మీద, తివాచీ డిజైన్‌ను స్కార్ఫుల మీద ముద్రించి పర్యాటకులకు అమ్మడం. దాంతో నాలుగు డబ్బులు రావచ్చు. కానీ రాయి చెక్కిన చెయ్యి, నూలుకు రంగు అద్దిన చెయ్యి కనిపించకుండా పోతాయి.

2015 వెనిస్ బినాలే మరో దారి చూపింది. 1915 మారణహోమానికి నూరేళ్లు నిండిన ఆ ఏడాది, క్యూరేటర్ అడెలీనా వాన్ ఫ్యూర్‌స్టెన్‌బర్గ్ ప్రవాస ఆర్మేనియన్ కళాకారుల రచనలను శాన్ లాజరో దీవిలోని ఆర్మేనియన్ మఠంలో ప్రదర్శించారు. ఆ కళాకారులు మారణహోమం నుంచి బతికి బయటపడినవారి మనవలు, మనవరాళ్లు. ఉత్తమ జాతీయ పెవిలియన్‌గా దానికి గోల్డెన్ లయన్ దక్కింది. అక్కడ వారసత్వమంటే అలంకారం కాదు, చెదిరిన జనం జ్ఞాపకం. నేలకు దూరమైనా సంస్కృతి నిలుస్తుందనడానికి మన దక్షిణాదిలోనూ సాక్ష్యముంది. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' వెలువడింది 1794లో, మద్రాసులో.

అయితే జ్ఞాపకం ఒక్కటే చాలదు. కాకసస్ తివాచీలను ఆర్మేనియన్లతో పాటు అజర్‌బైజానీలు, కుర్దులు కూడా నేశారు. నమూనాలు సరిహద్దులు దాటి తిరిగాయి. ఆ మాట దాస్తే ప్రదర్శన ప్రచారమవుతుంది. ఒప్పుకుంటే సొంత జనమే ద్రోహమనవచ్చు. 2025 ఆగస్టులో ఇరుదేశాలు శాంతి ఒప్పందం ముసాయిదాపై పొడి సంతకాలు చేశాయి. ఆ శాంతి నిలబడేదీ లేనిదీ నేతలు తేల్చాలి. నేసినవారి పేరు, ఊరు, పొరుగువారి వాటా ఆ చిన్న చీటీలో నిజాయితీగా రాయడం మాత్రం క్యూరేటర్ల చేతిలోనే ఉంది.