కొని తెచ్చుకున్న కోటగోడ



ప్రతి ఏటా ఆగస్టు నెల వచ్చేసరికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ లోకంలో జాతకచక్రాలు వేయడం మొదలవుతుంది. ఇంకా ఒక్క ఆటైనా జరగకముందే ఏ జట్టు గెలుస్తుందో, ఏది కూలుతుందో నక్షత్రాలను బట్టి తేల్చివేస్తారు. ఇవి ఆకాశంలోని నక్షత్రాలు కావు. హైస్కూలులో చదువుకుంటున్న పదిహేడేళ్ల కుర్రవాడి ఎత్తు, బరువు, పరుగు చూసి రిక్రూటింగ్ వ్యాపారులు అతని నుదుటికి అంటించేవి. ఐదు నక్షత్రాలవాడు మహావీరుడు. రెండు నక్షత్రాలవాడు అనామకుడు. ఎవరు ఎక్కువ నక్షత్రాలను పోగుచేస్తే వారి డిఫెన్సు అంత దుర్భేద్యమట! ఈ సిద్ధాంతాన్ని ఖండించడానికే ఈ టపా.

నా వాదం ఒక్క వాక్యంలో చెబుతాను. డిఫెన్సు కొనే సరుకు కాదు, నేర్పే విద్య.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉండడం వల్ల కొన్ని శరత్కాలాలు అక్కడ గడిపి ఈ ఆట చూశాను. మొదట్లో పోట్ల గిత్తలు ఢీకొన్నట్టే తోచింది. చూడగా చూడగా తెలిసివచ్చినదేమంటే, బంతి చేతిలో ఉన్న పక్షానికి తానేమి చేయబోతున్నదో ముందే తెలుసు. అడ్డుకునే పదకొండుమందికి తెలియదు. ఎదుటివాని మొదటి రెండడుగులు చూసి, అర్థం గ్రహించి, పదకొండుమందీ ఒకే అర్థానికి రావాలి. అంటే డిఫెన్సుకు బలం ఎంత అవసరమో, చదవడం అంతకన్నా అవసరం.

ముందు వరుసలో సందులుంటాయి. ఒక్కొక్క సందుకు ఒక్కొక్కడు బాధ్యుడు. పద్మవ్యూహం అనగానే మనకు అభిమన్యుడు గుర్తొస్తాడు. కాని వ్యూహం పన్నినవాడి వైపు నుంచి చూడండి. ఆనాడు పని జరిగింది సైంధవుని వల్ల. అతడు తన ద్వారం విడిచి కదలలేదు; నలుగురు పాండవులు బయటే ఆగిపోయారు. పేరుకోసం పక్కవాడి సందులోకి దూకే ఐదు నక్షత్రాలవాడికంటె, తన సందులో సైంధవుడిలా అడ్డుపడే రెండు నక్షత్రాలవాడే డిఫెన్సు గురువుకు ప్రాణం.

వెనుక వరుస సంగతి ఇంకా సూక్ష్మం. 1990ల ఆరంభంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో బిల్ బెలిచిక్ వద్ద పనిచేస్తూ నిక్ సేబన్ పదునుపెట్టిన పద్ధతి ఒకటుంది. తరువాత అలబామాలో దానితోనే ఏళ్ల తరబడి ఏలాడు. దాన్ని ప్యాటర్న్ మ్యాచింగ్ అంటారు. ఇందులో కాపలాదారు పని ముందే స్థిరపడి ఉండదు. ఎదుటివాడు ఎటు పరుగెత్తితే దాన్నిబట్టి మారుతుంది. అంచునుంచి రెండవవాడు నేరుగా లోపలికి దూసుకువస్తే సేఫ్టీ అతని నీడవుతాడు. ఆ రెండవవాడే మొదట్లోనే పక్కకు తిరిగితే, అతణ్ణి మరొకరికి వదిలి అంచున ఉన్న మొదటివాడి మీదికి సాయం పోతాడు. తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. రాముడు, అతడు కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. చివరి ఉకారం నిలవడమా, లోపించడమా అనేది తరువాత వచ్చే వర్ణాన్ని బట్టి. ఇది సంధి! ఒక్కడు సూత్రం తప్పితే పదం విరుగుతుంది. మైదానంలో ఆరు పాయింట్లు పోతాయి. సంధిసూత్రాలు అంగడిలో దొరుకుతాయా? వల్లెవేయాలి, తప్పాలి, దిద్దుకోవాలి, మళ్లీ వల్లెవేయాలి. దానికి ఏళ్లు పడతాయి.

నక్షత్రాల లెక్కే నిజమైతే 2022లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఏలవలసింది. ఆ ఏడు వారు చేర్చుకున్న కుర్రవాళ్ల తరగతి అంతవరకు లెక్కగట్టినవాటిలో కెల్లా గొప్పదని ప్రసిద్ధికెక్కింది. డిఫెన్సు ముందు వరుసకే ఐదు నక్షత్రాలవారు గుంపుగా వచ్చారు. ఫలితం? 5 గెలుపులు, 7 ఓటములు. సెప్టెంబరులో సొంత మైదానంలోనే అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో పరాభవం. తెచ్చుకున్న నక్షత్రాలు ఒక్కొక్కటే వేరే ఆకాశాలు వెతుక్కున్నాయి. 2023 నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను సాగనంపడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకోవలసి వచ్చింది.

పూర్వపక్షం లేకపోలేదు. “అయ్యా, 2021లో జార్జియా సాధించినదేమిటి? ఆ డిఫెన్సు నుంచి ఐదుగురు 2022 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టు మొదటి రౌండులోనే ఎంపికయ్యారు. అదంతా రిక్రూటింగ్ మహిమ కాదా?” అంటారు. ప్రతిభ అక్కరలేదని నేననలేదు. మట్టి మంచిదైతే కుండ మంచిదవుతుంది. కాని ఆ డిఫెన్సు నడిబొడ్డున నిలిచిన జోర్డన్ డేవిస్ ఎవరు? హైస్కూలులో మూడు నక్షత్రాలవాడు. జార్జియాలో నాలుగేళ్లు ఉన్నాడు. నాలుగవ ఏట అవుట్‌లాండ్, బెడ్నారిక్ పురస్కారాలు రెండూ గెలిచాడు. ఆ రెండు నక్షత్రాల వెలితిని పూరించినవి నాలుగేళ్ల చదువు.

ఐయొవా సంగతి చూడండి. ఫిల్ పార్కర్ 1999లో అక్కడ చేరి, 2012లో డిఫెన్సు బాధ్యత చేపట్టాడు. ఏటేటా కొత్త సిద్ధాంతం ఎత్తుకోడు. ఉన్న నాలుగు సూత్రాలనే అరగదీస్తాడు. పెద్ద కాలేజీలు పట్టించుకోని డెస్మండ్ కింగ్ ఆయన చేతిలో పడి 2015లో దేశంలోకెల్లా ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కిచ్చే జిమ్ థోర్ప్ పురస్కారం అందుకున్నాడు. ఒడెబోల్ట్ అనే పల్లెటూరి పిల్లవాడు కూపర్ డిజీన్ అక్కడే చదువుకుని, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో, తన పుట్టినరోజునాడే, మహామేటి పాట్రిక్ మహోమ్స్ విసిరిన బంతిని లాక్కుని గీత దాటించాడు. 2023లో ఐయొవా అఫెన్సు ఎంత దీనంగా ఉన్నదంటే ఆటకు సగటున 15 పాయింట్లు రావడమే గగనం. అయినా 10 ఆటలు గెలిచింది. కాన్ఫరెన్సు తుదిపోరులో మిషిగన్ చేతిలో 26-0తో ఓడిన మాటా నిజమే. గోడ ఒక్కటే ఇల్లు కాదు. కాని ఆ గోడ కట్టింది విద్యేనన్నది కాదనలేని సంగతి.

పక్కనే ఐయొవా స్టేట్. అక్కడ జాన్ హీకాక్ తనకు లేనిదాన్ని తలచి ఏడవలేదు. ముందు వరుసలో ముగ్గురినే నిలిపి, వెనుక ముగ్గురు సేఫ్టీలతో కొత్త అల్లిక అల్లాడు. 2017 అక్టోబరులో ఆ జట్టు ఓక్లహోమాను వారి ఇంట్లోనే 38-31తో ఓడించింది. తరువాత ఆ అల్లికను దేశంలోని కోచ్‌లు ఎందరో అభ్యసించారు. పేదరికం నుంచి పుట్టిన శాస్త్రమది!

రెండవ పూర్వపక్షం మరింత బలమైనది. “ఇండియానా విశ్వవిద్యాలయం ఇతర కాలేజీల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునే కదా 2026 జనవరిలో మయామిని 27-21తో ఓడించి జాతీయ విజేత అయింది?” నిజమే. కాని ఎవరిని తెచ్చుకున్నారు? కర్ట్ సిగ్నెట్టి జేమ్స్ మాడిసన్ నుంచి వస్తూ తన డిఫెన్సు గురువు బ్రయంట్ హేన్స్‌ను వెంటతెచ్చాడు. ఐడెన్ ఫిషర్, డి’ఏంజెలో పాండ్స్, మికైల్ కమారా కూడా అక్కడినుంచే వచ్చారు. నక్షత్రాల వేటగాళ్లు వీరిని కన్నెత్తి చూడలేదు. గురువు, శిష్యులు, పాఠం మూడూ కలిసి ఊరు మారాయి. గురుకులం గురుకులమే తరలివస్తే దాన్ని సంత అనరు. ఈ ఉదాహరణ నా ప్రతిపక్షులది కాదు, నాది.

ఇంతమాత్రాన నేను ఆటగాళ్లకు డబ్బు ఇవ్వరాదనే వర్గంలో చేరలేదు. కోచ్‌లు కోట్లు గడిస్తుంటే, మోకాళ్లు విరగ్గొట్టుకునే కుర్రవాడికి భోజనం, స్కాలర్‌షిప్ చాలుననడం అధర్మం. 2021 జూలైలో తమ పేరుమీద సంపాదించుకునే హక్కు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కొక్క కాలేజీ మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచే వీలు కలిగింది. సంతోషం. కాలేజీ మారిన కుర్రవాడిని కృతఘ్నుడనేవారితోనూ నాకు పొత్తు లేదు. 2025 నవంబరు చివర, జట్టు ప్లేఆఫ్ గుమ్మంలో ఉండగా, లేన్ కిఫిన్ ఓల్ మిస్‌ను వదిలి ఎల్‌ఎస్‌యూకు వెళ్లలేదా? గురువు వెళ్తే పురోభివృద్ధి, శిష్యుడు వెళ్తే ద్రోహమా? ఇదెక్కడి నీతి?

నా కోపం కుర్రవాళ్ల మీద కాదు, వారిని సరుకుగా చూసే లెక్కల మీద. 2025 ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో 105 మందే ఉండాలని పరిమితి వచ్చింది. అప్పటికే ఉన్నవారికి కొంత మినహాయింపు ఇచ్చినా, ఇకమీదట స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి తన వంతుకోసం వేచి ఉండే కుర్రవాడికి చోటు కరువే. జె.జె. వాట్ అటువంటివాడే. సెంట్రల్ మిషిగన్‌లో వేరే స్థానంలో ఆడుతూ, ఉన్న స్కాలర్‌షిప్ వదులుకుని, విస్కాన్సిన్‌లో ఉత్తచేతులతో చేరాడు. అక్కడ అతనికి కొత్త స్థానం నేర్పారు. తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూడుసార్లు ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడయ్యాడు. రేపటి వాట్ 106వ వాడైతే ఏ తలుపు తట్టాలి?

ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠం చెప్పినవాణ్ణి కనుక ఈ జబ్బు నాకు కొత్తగా తోచదు. మన ఊళ్లలోనూ పదవ తరగతిలో మొదటి మార్కులు వచ్చినవారిని ఫీజు లేకుండా ఏరుకుని, రెండేళ్ల తరువాత వారి ఫొటోలతో ర్యాంకుల ప్రకటనలు వేసుకునే కాలేజీలున్నాయి. ఏరుకున్న గింజను చూపి పంట మాదంటారు. నలభై మార్కులవాడిని డెబ్బైకి చేర్చిన పల్లెటూరి మాస్టారికి ప్రకటన ఉండదు. నక్షత్రాల పట్టికకూ ఈ ప్రకటనకూ భేదమేమిటి? రెండూ లోపలికి వచ్చినవాడిని కొలుస్తాయి. లోపల ఏమి నేర్పారో కొలవవు.

కనుక కొత్త సీజన్ ముంగిట జట్ల బలాబలాలు తూచేవారికి నా మనవి. ఎన్ని నక్షత్రాలు కొన్నారని అడగకండి. డిఫెన్సు గురువు వచ్చి ఎన్నేళ్లయిందని అడగండి. ఆ పదకొండుమందిలో ఎందరు ఆయన వద్ద రెండవ ఏడాది, మూడవ ఏడాది చదువుతున్నారో లెక్కించండి. రెండు నక్షత్రాలతో వచ్చినవాడు నాలుగేళ్లకు ఏమై బయటికి వెళ్తున్నాడో చూడండి. కాలేజీ పెద్దలకూ ఒక మాట. ఎలాగూ డబ్బిస్తున్నారు, ఏడాదికొకసారి వేలం పాడక, చదువు పూర్తయ్యేదాకా ఇరువైపులా కట్టుబడే ఒప్పందం రాసుకోండి. ఆ షరతు గురువుగారికీ వర్తించాలి.

ఏకీభవించనివారు నిస్సంకోచంగా ఖండించండి. అయితే పట్టికలతో కాదు, ఉదాహరణలతో రండి.