బెత్తము కాదు, భాష కావలెను

తరగతిలో విద్యార్థులు గురువులను లెక్కసేయకున్నారనియు, నోటికి వచ్చినట్లు బూతులాడుచున్నారనియు పెద్దలు వాపోవుచున్నారు. వాపోయి ఊరకుండుట లేదు; "బెత్తము పోయినది, దానితో భయభక్తులు పోయినవి" అని తీర్పు కూడ చెప్పుచున్నారు. ఈ తీర్పు సరియైనది కాదని మనవి చేయుచున్నాను.

మొదట శాసనము మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బాలలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులో నున్నది. హోసూరైనను, బళ్ళారియైనను, బరంపురమైనను, షోలాపురమైనను, యానామైనను శాసన మొక్కటే. శాసనము లేకున్నను బెత్తము పనికిరాదు. దెబ్బకు వెరచిన బాలుడు గురువు ఎదుట నోరు మూసికొనును, చాటున రెండింతలు తెరచును. బెత్తము నేర్పునది వినయము కాదు, అదను చూచుకొనుట. ఇక "ఓరి గాడిదా, వెధవా" యని పిలుచు ఉపాధ్యాయుడు మర్యాద పాఠమును తన నోటితోనే చెరపివేయుచున్నాడు.

మన ఇండ్ల సంగతి చూతము. మన పిల్లలు బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుచున్నారు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల బాలలకు మాతృభాషాబోధన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. వసతి యున్నచోట మన మెందరము దానిని వినియోగించుకొంటిమి? ఇంటిలో తెలుగు "తిన్నావా, పడుకో, నోరుముయ్" అనువరకు కుంచించుకొని పోయినది. పద్యము పోయినది, సామెత పోయినది, అవ్వ చెప్పు కథ పోయినది. చావక మిగిలినది తిట్టొక్కటే. పంతులుగారికి తెలుగు రాదన్న ధైర్యముతో బాలుడు తరగతిలో దానినే ప్రయోగించును. ప్రక్కనున్న పిల్లలు దానినే నేర్చుకొందురు. తెలుగనగా బూతులేయని పొరుగువారు తలచినచో ఆ తప్పెవరిది?

సినిమాలు, సెల్‌ఫోనులు చెరుపుచున్నవని కొందరందురు. అవి మాటను చెవిలో వేయవచ్చును. కాని బాలుడు దానిని ఇంట పలికినపుడు ముద్దుగా నవ్వినది మనము.

తరగతిలో బూతు వినబడినపుడు ఉపాధ్యాయుడు నలుగురి ఎదుట వాదమునకు దిగరాదు. చూచువారుండగా బాలుడు వెనుకకు తగ్గడు. ఒక్క మాటతో ఆపి, పాఠము సాగించి, తరువాత ఏకాంతమున పిలువవలెను. ఆ మాట ఎవరి తల్లిని, ఏ కులమును, ఎవరి అంగవైకల్యమును కించపరచుచున్నదో వానిచేతనే చెప్పింపవలెను. నొచ్చినవారిని క్షమింపుమని అడిగింపవలెను. తలిదండ్రులను పిలిపించి, ఆ మాట ఎచ్చట నేర్చెనని విచారింపవలెను. ఆ ప్రశ్నకు తలవంచుకొనునది తరచుగా తండ్రియే.

సోదరులారా! మన సంఘములు ఉగాదికి పందిళ్ళు వేయుచున్నవి, శాలువలు కప్పుచున్నవి. సంతోషమే. దానితోపాటు ఆదివారము ఒక్క గంట పిల్లలను కూర్చుండబెట్టి సుమతీ శతకము చెప్పుడు. "గారు", "అండి", "మీరు", "దయచేయండి" అను మాటలు పలికింపుడు. మర్యాద మన భాషలో క్రియాపదముతోనే పుట్టినది. భాష నిచ్చినగాని అది బిడ్డకు అబ్బదు. తిట్టును మాత్రమే వారసత్వముగా ఇచ్చి, మర్యాద లేదని బిడ్డను దండించుట అన్యాయము.