గడప తొక్కని పాలనా శాస్త్రం

మన విశ్వవిద్యాలయాల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. పట్టా పుచ్చుకోవాలంటే రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు చదవాలి. పాలనా సిద్ధాంతాలు, భారత పరిపాలన, సిబ్బంది వ్యవహారాలు, ఆర్థిక నిర్వహణ, స్థానిక ప్రభుత్వాలు, ప్రజా విధానాలు, పరిశోధనా పద్ధతులు... ఏ క్యాంపస్‌లో చూసినా పేపర్ల జాబితా ఇంచుమించు ఇదే. జాబితాకు వంక పెట్టలేం. అయితే ఈ రెండేళ్లలో ఒక్కసారైనా తహసీల్దారు కార్యాలయం గడప తొక్కాలన్న నిబంధన మాత్రం చాలాచోట్ల లేదు. ప్రాజెక్టు వర్కు అని ఒక పేపరు ఉన్నచోట కూడా అది తరచు లైబ్రరీలో మొదలై జిరాక్స్ షాపు బైండింగుతో ముగుస్తుంది.

విచిత్రమేమంటే, ఆ సిలబస్‌లో కొలువుదీరిన పెద్దల్లో చాలామంది ముందు పని చేసో, దగ్గర్నుంచి చూసో, ఆ తర్వాత రాసినవాళ్లు. టేలర్ ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. ఫేయోల్ గనుల ఇంజనీరు. దివాలా అంచున ఉన్న కంపెనీని నిలబెట్టి, దశాబ్దాలపాటు నడిపాక 1916లో తన సూత్రాలు అచ్చువేశాడు. బర్నార్డ్ న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడు. హెర్బర్ట్ సైమన్ విద్యార్థిగా ఉండగానే మిల్వాకీ నగరంలో ఆటస్థలాల నిర్వహణ ఎలా సాగుతోందో చూడబోయాడు. డబ్బు దేనికి ఖర్చుపెట్టాలన్న దగ్గర స్కూలు బోర్డుకూ, పబ్లిక్ వర్క్స్ శాఖకూ పేచీ. ఎవరి లెక్క వాళ్లకు సబబుగానే ఉంది. మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారన్న ప్రశ్న అక్కడే ఆయన్ను పట్టుకుంది. అదే 1947లో ‘అడ్మినిస్ట్రేటివ్ బిహేవియర్’ పుస్తకమైంది. పుస్తకాల మనిషి అనుకునే మాక్స్ వెబర్ సైతం మొదటి ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో హైడెల్‌బర్గ్‌లో సైనిక ఆస్పత్రుల నిర్వహణ చూశాడు.

ఇక రిగ్స్. థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ దేశాల్లో తిరిగి, అక్కడి కార్యాలయాలు చూసి ఆయన చెప్పిన మాట మనకు బాగా దగ్గరది. వర్ధమాన దేశాల్లో కాగితం మీది నియమం ఒకటి, బల్ల దగ్గర జరిగేది మరొకటి అన్నాడు. దానికి ఫార్మలిజం అని పేరు పెట్టాడు. మన విద్యార్థి దీన్ని బట్టీపట్టి, నిర్వచనం, లక్షణాలు, విమర్శ అని మూడు ఉపశీర్షికలతో పరీక్షలో రాసివస్తాడు. ఒక్క ఆఫీసూ చూడకుండానే ఆఫీసుల శాస్త్రంలో ఫస్టు క్లాసు! రిగ్స్ ఇప్పుడొస్తే ఫార్మలిజానికి ఉదాహరణ వెతుక్కుంటూ ఊళ్లకు పోనక్కర్లేదు, మన డిపార్టుమెంట్లే చాలు.

ఇది అధ్యాపకుల చేతగానితనమని నేననను. దేశమంతటా విద్యార్థులు చదివే ‘అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్’ పుస్తకాన్ని కూర్చినవాళ్లు రవీంద్రప్రసాద్, వి.ఎస్. ప్రసాద్, సత్యనారాయణ వంటి మన తెలుగు అధ్యాపకులే. దారి తప్పించింది పరీక్ష. 1987లో ఈ సబ్జెక్టు సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్ అయింది. అప్పటినుంచి క్లాసు రూముకన్నా కోచింగ్ సెంటరు నోట్సుకే విలువ పెరిగింది. 2013లో రెండు ఆప్షనళ్లను ఒకటి చేసేసరికి గిరాకీ పడిపోయింది. పరీక్ష కోసం బతికిన చదువు పరీక్ష మారితే దిక్కుతోచక నిలబడక తప్పదు. ఊరి నుంచి వచ్చిన పేదింటి పిల్లలకు పీజీ సీటంటే హాస్టల్లో ఒక మంచం, రీడింగ్ రూములో ఒక కుర్చీ, గ్రూప్స్ నోటిఫికేషన్ పడేదాకా ఒక నీడ. వాళ్లను తప్పుపట్టలేం. ఆ నీడలో ఉన్న రెండేళ్లలో వాళ్లకు ఏమిస్తున్నామన్నదే ప్రశ్న.

ఎందుకంటే ఈ పట్టాకంటూ ప్రత్యేకంగా దొరికే సర్కారు కొలువు దాదాపు ఒక్కటే: ఇదే సబ్జెక్టు చెప్పే లెక్చరరు పోస్టు. పంచాయతీ కార్యదర్శికి ఏ డిగ్రీ అయినా చాలు, గ్రూప్-1కూ అంతే. అలా ఉండటమే మంచిది కూడా; కొలువుల తలుపు ఒక్క సబ్జెక్టు వాళ్లకే తెరవమనడం అన్యాయం. మరి పట్టాతో తలుపు తెరుచుకోనప్పుడు, పట్టా వెనుక పనితనమైనా ఉండాలి కదా! హైదరాబాద్‌లో ఆస్కీ, ఎన్‌ఐఆర్‌డీ, ఎంసీఆర్ హెచ్‌ఆర్‌డీ వంటి పేరున్న సంస్థలు కొలువు వచ్చినవాళ్లకు పని నేర్పుతున్నాయి. కొలువు రాకముందు నేర్పే బాధ్యత విశ్వవిద్యాలయాలది.

నేను కోరేది ప్రధానంగా ఒక్క మార్పు. నాలుగో సెమిస్టరు మొత్తం ఒక కార్యాలయంలో గడవాలి. తహసీల్దారు, ఎంపీడీవో, మున్సిపాలిటీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం... ఏదైనా సరే. దానికి ముందు మూడో సెమిస్టరులో రెండు పేపర్లు మార్చాలి. ఒకటి, చట్టాన్నీ, నియమాలనూ, జీవోనూ, మెమోనూ తేడా తెలిసి చదవడం. రెండు, బడ్జెట్ పుస్తకం విప్పి పద్దు గుర్తుపట్టడం. 2202 అంటే సాధారణ విద్య అని తెలియనివాడు తన మండలంలో బడి మరమ్మతు డబ్బు ఎక్కడ ఆగిందో ఎలా చెప్పగలడు?

ఆఫీసులో విద్యార్థి ఒకే ఒక్క విషయం వెంట నడవాలి. ఒక కుల ధ్రువపత్రం దరఖాస్తు కావచ్చు, ఒక వృద్ధాప్య పింఛను కావచ్చు, ఒక మురుగుకాలువ ఎస్టిమేటు కావచ్చు. తపాలులో పడిన రోజు నుంచి ప్రొసీడింగ్స్ వచ్చేదాకా, పని అయితే బిల్లు ట్రెజరీలో పాసయ్యేదాకా ఎన్ని బల్లలు తిరిగింది, ఎక్కడ ఆగింది, అడ్డుపడింది నియమమా, మనిషా, నెట్‌వర్కా? ఇదే సిద్ధాంత గ్రంథం. వైవాకు ఒక అధ్యాపకుడు, ఒక రిటైరైన అధికారి కూర్చుంటే నకలు రాసినవాడు పది నిమిషాల్లో దొరికిపోతాడు.

ఆఫీసులు రానివ్వవంటారు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక ముగిసిన ఫైలు చూపించడానికి అంత బెదురు అక్కర్లేదు. పిల్లలకు ఖర్చవుతుందంటారు. సొంత మండలంలోనే వేయండి, చిన్న స్టైపెండు ఇవ్వండి. మిగతా చదువులు ఈ పని ఏనాడో మొదలుపెట్టాయి. ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు చదువుతూనే ఫీల్డుకు వెళ్తారు. బీఈడీలో 2014 నిబంధనల నుంచి పదహారు వారాలు బడిలో గడపాల్సిందే. ఆంధ్రప్రదేశ్ 2020-21లో మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. బీకాం కుర్రాడికి వీలైంది పాలనా శాస్త్రం ఎం.ఏ.కు ఎందుకు వీలుకాదు? అమెరికాలో 1924లో సిరక్యూస్‌లోని మాక్స్‌వెల్ స్కూలుతో మొదలైన ఎంపీఏ చదువుల్లో నేడు అనుభవం లేనివాళ్లకు ఇంటర్న్‌షిప్ మామూలు విషయం.

ఇదంతా గుమాస్తా శిక్షణ, విశ్వవిద్యాలయం చేయాల్సింది సిద్ధాంతం అనేవాళ్లూ ఉంటారు. మిల్వాకీ ఆటస్థలాల ఖర్చు చూడబోయిన కుర్రాడికే 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చిందని వాళ్లకు గుర్తుచేస్తే చాలు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానించి, అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకొని, వైస్‌చాన్స్‌లర్ జిల్లా కలెక్టర్లకు ఉత్తరం రాస్తే వచ్చే ఏడాదికే అమలవుతుంది. గ్రూప్స్ రాసేవాళ్లలో చాలామందికి ఉద్యోగం రాదు, ఇది అందరికీ తెలిసిన చేదు నిజం. వాళ్లు వార్డు సభ్యులవుతారు, విలేకరులవుతారు, స్వచ్ఛంద సంస్థల్లో చేరతారు, లేదా ఊళ్లో నలుగురికీ దరఖాస్తులు రాసిపెడతారు. ఆగిన పని ఏ బల్ల మీద ఆగిందో, ఏ నియమం చూపిస్తే కదులుతుందో తెలిసినవాడు ప్రతి మండలానికీ ఒకడున్నా, ఈ చదువు మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టే.