మ్యాచ్ రోజు ఏ రంగైనా వేసుకోండి, ఈకల టోపీ మాత్రం వద్దు

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, తీరిగ్గా చదవండి.

మన హాస్టళ్లలో రాత్రి పది దాటితే ఫోన్లలో నడిచేది రీల్సే గదా. ఈ మధ్య అందులో అమెరికా కాలేజీ పిల్లలు "గేమ్ డే అవుట్‌ఫిట్" అని పెట్టేవి చాలా వస్తున్నయి. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఏం వేసుకుని పోవాలి, షూ ఏంది, టోపీ ఏంది, ముఖానికి ఏ రంగు పూసుకోవాలి అని చూపిస్తరు. మన సీనియర్లలో కొందరు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద అక్కడ చదువుతున్నారు, ఇంకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. అందుకే దీని గురించి నా అభిప్రాయం రాస్తున్న.

ముందు సంగతి చెప్పాలె. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని ఉరుకుతరు, తలకి హెల్మెట్ ఉంటది. ఆగస్టు చివరి నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా ఎక్కువగా శనివారాలు ఆడుతరు. కాలేజీ ఆటే కదా అనుకోవద్దు. మిచిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. మన దగ్గర పెద్ద జాతరకు వచ్చేంత జనం ఒక్క స్టేడియంలో అన్నమాట. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందే వచ్చి, పార్కింగ్ స్థలాల్లో వండుకుని తిని, అందరూ ఒకే రంగులో లోపలికి పోతరు.

ఈ ఒకే రంగు పద్ధతి నాకు నిజంగా నచ్చింది. పెన్ స్టేట్ యూనివర్సిటీలో "వైట్ అవుట్" అంటరు. 2004లో విద్యార్థులు కూర్చునే వైపు మొదలైంది, 2007లో స్టేడియం మొత్తానికి పాకింది. ఆ రోజు అందరూ తెల్ల బట్టలే. తెల్ల టీషర్ట్ ఎవరి దగ్గర ఉండదు చెప్పండి? ఆశ్రమ పాఠశాలలో యూనిఫాం వేసుకుని పెరిగిన మనకు ఇది తొందరగా అర్థమైతది. అందరూ ఒకే రంగులో నిలబడితే ఎవరు ఉన్నోళ్లో ఎవరు లేనోళ్లో దూరం నుంచి తెలియదు.

అక్కడికి వెళ్లే మనవాళ్లు డ్రెస్ గురించి భయపడాల్సిన పని లేదు. కంపెనీ జెర్సీయే కొనాలని ఏం లేదు, అది చాలా ఖరీదు. టెన్నెసీ అయితే నారింజ, అలబామా అయితే ముదురు ఎరుపు, ఆ రంగు సాదా టీషర్ట్ ఒకటి ఉంటే సీజన్ అంతా నడుస్తది. దక్షిణ రాష్ట్రాల్లో సెప్టెంబర్‌లో మన ఎండలాంటి ఎండే, పల్చటి కాటన్ చాలు. ఉత్తరాన నవంబర్‌లో గట్టి చలి, కాబట్టి లోపల రెండు పొరలు వేసుకుని పైన టీం రంగు హుడీ వేసుకోవాలె. గంటల తరబడి నిలబడే ఉంటరు గనక కొత్త షూ కాకుండా పాతబడ్డ షూనే మేలు. లోపలున్నవి కనిపించే సంచి తప్ప వేరే బ్యాగు చాలా స్టేడియాల్లో రానియ్యరు. మిసిసిపీ యూనివర్సిటీలో మాత్రం పద్ధతి వేరే. అక్కడ "గ్రోవ్" అనే చెట్ల తోటలో మ్యాచ్‌కి ముందు కలుస్తరు, అబ్బాయిలు టై కట్టుకుని, అమ్మాయిలు మంచి గౌన్లు వేసుకుని పెళ్లికి వచ్చినట్టు వస్తరు.

ఇదంతా సరదా. ఇందులో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ ఒక్క వస్తువుతోనే. అది ఈకల టోపీ.

అమెరికా కాలేజీల్లో చాలా ఏళ్లు ఒక అలవాటు నడిచింది. టీంకి అక్కడి ఆదివాసుల పేరు పెట్టుకునుడు, మ్యాచ్ రోజు తలకి ఈకలు కట్టుకునుడు, ముఖానికి రంగు పూసుకుని అరుచుడు. ఇలినాయ్ యూనివర్సిటీ సంగతి చూడండి. 1926లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్య విరామంలో ఒక విద్యార్థి ఆదివాసీ నాయకుడి వేషం కట్టి ఆడిండు. దానికి "చీఫ్ ఇలినివెక్" అని పేరు పెట్టిన్రు. అప్పటి నుంచి 2007 దాకా ఒకరి తర్వాత ఒకరు ఆ వేషం కడుతూనే ఉన్నరు. ఎనభై ఏళ్లు! ఇలినాయ్ అనే పేరు అక్కడి పాత ఆదివాసీ తెగలది. వాళ్ల వారసులు ఇప్పుడు ఓక్లహోమాలో ఉండే పియోరియా తెగవాళ్లు. ఆ వేషం మాత్రం వాళ్లది కానే కాదు, ఎక్కడో మైదానాల్లో ఉండే లకోటాలది. అంటే ఒకరి పేరు, ఇంకొకరి బట్టలు, కట్టుకునేది మూడో మనిషి. ఆ వేషం ఆపండని పియోరియా తెగ 2000లోనే అడిగింది.

ఈ విషయంలో మనం తెలుసుకోవాల్సిన పేరు షార్లీన్ టీటర్స్. స్పొకాన్ తెగ మహిళ. 1980ల చివర్లో అదే యూనివర్సిటీకి చిత్రకళ చదవడానికి వచ్చింది. పిల్లలను మ్యాచ్‌కి తీసుకుపోతే అక్కడ ఈ వేషం కనబడింది. తర్వాత అట్ట మీద రాసుకుని బయట నిలబడి నిరసన మొదలుపెట్టింది. ఎన్ని మాటలు పడ్డా వదల్లేదు. 2005లో కాలేజీ ఆటలను చూసే ఎన్‌సీఏఏ ఇలాంటి గుర్తుల మీద ఆంక్షలు పెట్టింది, 2007 ఫిబ్రవరిలో ఆ వేషం చివరిసారి ఆడింది. అంతకు చాలా ముందే స్టాన్‌ఫర్డ్‌లో నేటివ్ విద్యార్థులు విజ్ఞప్తి పెట్టి 1972లో "ఇండియన్" గుర్తును తీసేయించిన్రు. ఆ క్యాంపస్‌లో వాళ్లు పిడికెడు మంది. మనం మన కాలేజీల్లో ఉన్నట్టే.

"మిమ్మల్ని గౌరవించడానికే గదా వేసుకునేది" అనే వాదన అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. దానికి నా జవాబు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ. అక్కడ టీం పేరు సెమినోల్స్. 1978 నుంచి ఓసియోలా వేషంలో ఒకతను గుర్రం మీద మైదానంలోకి వస్తడు. ఫ్లోరిడా సెమినోల్ తెగ దానికి ఒప్పుకుంది. ఆ బట్టలు కుట్టింది కూడా ఆ తెగ మహిళలే. సెమినోల్ మూలాలున్న అందరూ దీన్ని ఒప్పుకోరు, అది వేరే చర్చ. కానీ కనీసం అడిగిన్రు. నిజంగా గౌరవం ఉన్నోడు ముందు అడుగుతడు, తర్వాతే వేసుకుంటడు.

ఈకల టోపీ అక్కడ ఊరికే వచ్చేది కాదు. మైదాన తెగల్లో గద్ద ఈక అంటే మనిషి సంపాదించుకోవాల్సిన గౌరవం. ఇది చదివినప్పుడు నాకు మన గుస్సాడీ యాదికొచ్చింది. దీపావళి దండారీలో మా పెద్దబాపు నెమలి ఈకల టోపీ పెట్టుకున్నన్ని రోజులు స్నానం చెయ్యడు, నేల మీదనే పడుకుంటడు. అప్పుడు ఆయన మాకు పెద్దబాపు కాదు, దేవుడు. మేం కాళ్లు మొక్కుతం. ఆ టోపీని ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ పెట్టం. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చింది ఈ గుస్సాడీకే. ఆయన 2024లో పోయిండు. జీవితాంతం ఆ నియమం కాపాడిన మనిషి.

ఇప్పుడు మన కాలేజీల స్పోర్ట్స్ డే సంగతికి వస్త. మార్చ్‌పాస్ట్‌లో ప్రతి బ్రాంచి వాళ్లు టీషర్టులు కొట్టించుకుంటరు. మనల్ని మాత్రం "ట్రైబల్ వాళ్లు మీ డ్రెస్‌లో రండి" అంటరు. వాళ్ల మనసులో ఉన్న డ్రెస్ ఏందో మనకు తెలుసు. నడుముకు ఆకులు, తలకి ఈకలు, ముఖానికి నల్ల రంగు. పోయిన ఏడు మాకూ అదే చెప్పిన్రు. మాలో ఇద్దరం కబడ్డీ టీంలో ఉన్నం, "సార్, మేం టీం జెర్సీలోనే నడుస్తం" అన్నం. "మీ కల్చరే గదా, సిగ్గెందుకు" అన్నడు సార్. ఫస్టియర్ తమ్ముడు ఒకడు కాదనలేక కోడి ఈకలు కట్టుకుని నడిచిండు. వాడిని నేను ఒక్క మాట అనను. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టెక్కినోడు, ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న సార్‌కి ఎట్ల ఎదురు చెప్తడు? ఆ రోజు ఫొటో ఇంకా కాలేజీ బోర్డు మీద ఉంది. వాడు ఆ దారిన పోడు, చుట్టూ తిరిగి క్లాసుకు పోతడు.

అందుకే ఒక్కొక్కరం కాకుండా అందరం కలిసి అడుగుదాం. స్పోర్ట్స్ డేకి మనమూ బ్రాంచి టీషర్టులోనే, టీం జెర్సీలోనే నడుస్తం. మన వేషం కావాలంటే కాలేజీ ముందు రాయి సెంటర్ పెద్దలను అడగాలె, కళాకారులను పిలిపించి డబ్బులిచ్చి గౌరవంగా ఆడించాలె. దండారీ వస్తువులు ఆటల రోజుకి రావు. మనకై మనం సంతోషంగా వేసుకోవాలనుకుంటే ధోతి, రుమాలు ఉన్నయి, అమ్మలు కట్టే చీరకట్టు ఉంది. అది మన ఇష్టం, ఎవరో ఆర్డర్ వేస్తే కాదు.

అమెరికా వెళ్లే అన్నలు, అక్కలకు కూడా ఒక మాట. మ్యాచ్ రోజు టీం రంగు వేసుకోండి, గొంతు పోయేదాకా అరవండి. స్టేడియం బయట ఎవరైనా ఈకల టోపీ చేతికిస్తే మాత్రం తిరిగి ఇచ్చెయ్యండి. ఎందుకు వద్దో మనకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఆ క్యాంపస్‌లో ఎక్కువ మంది ఉండరు.

విన్నపం కాగితం నేను రాయడం మొదలుపెట్టిన. మీ కాలేజీలో మార్చ్‌పాస్ట్‌కి ఏం చెప్పిన్రో రాసి పంపండి, అవి కూడా అందులో చేరుస్త. ఈసారి స్పోర్ట్స్ డే రాకముందే ఇద్దాం, ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒంటరిగా కాదనాల్సిన పని లేకుండా.

జై సేవా.