మంగంపేట ముగ్గురాయికి ఊళ్లోనే విలువ పెంచండి

రాష్ట్ర గనుల శాఖ మంత్రి గారికి,

ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో దొరికే ముగ్గురాయి, అంటే బెరైటీస్, ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. దీని సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైనే. అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదుపు చేసే బురదలో దీని పొడిని కలుపుతారు. రంగులు, గాజు, బేరియం రసాయనాలు, ఎక్స్‌రే పరీక్షల మందు తయారీకీ ఇదే ఆధారం.

ఇంతటి సంపదను రాయిగానో, పొడిగానో అమ్మి సరిపెట్టుకుంటే అసలు లాభం వేరేచోటికి పోతుంది. పెట్టుబడిదారులను పిలిచేటప్పుడు బేరియం రసాయనాలు, రంగుల పరిశ్రమలను ఇక్కడే పెట్టమని అడగండి. ఉద్యోగాల్లో స్థానిక యువతకు ముందు శిక్షణ, తర్వాత ప్రాధాన్యం ఇవ్వండి. పొడి మిల్లుల్లో దుమ్ము నియంత్రణను, కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షలను తప్పనిసరి చేయండి.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు గనుల ప్రభావిత ప్రజల కోసమే. ఏ ఊరికి ఎంత ఖర్చయిందో పంచాయతీ గోడ మీద రాయించండి.

తవ్విన రాయి మళ్లీ పుట్టదు. అది తరగకముందే ఈ నేలకు దాని ఫలం దక్కేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఈ ప్రాంత శ్రేయోభిలాషి